అరవై డిగ్రీల కోణంలో నాయన కాలు

మార్కాపురం పలకల గనిలో నాయన మేస్త్రీ. నేను కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. ఇద్దరం పలక మీదే బతికాం, ఆయన తవ్వి, నేను గీసి.

ఒక సెలవునాడు ఆయనకు అన్నం క్యారేజీ పట్టుకుని గనికి వెళ్లాను. పెద్ద రాతిబండకు రెండు తాళ్లు కట్టి, ఒక్కో తాడును ముగ్గురు లాగబోతున్నారు. బండ ఎప్పుడూ గట్టి జట్టు వైపే మొగ్గుతుంది. అందుకని నాయన ముందుగా ఒక్కో జట్టు చేత విడిగా లాగించి, పట్టు తక్కువున్న పక్కన నిలబడేవాడు.

నాకు విద్య చూపించాలని దురద పుట్టింది. పలక ముక్క మీద సుద్దతో తాళ్ల మధ్య అరవై డిగ్రీల కోణం గీశాను. ఒక్కో తాడుకు వంద కిలోల లాగుడు వేసుకుంటే, కొసైన్ సూత్రం ప్రకారం ఫలిత బలం నూట డెబ్బై మూడు, దిశ సరిగ్గా నడిమధ్యకు.

"పరీక్షలెందుకు నాయనా, బండ నేరుగా వస్తది."

"రెండు జట్లూ ఒకటే బలమా అబ్బయా?"

"సమానమనుకుందాం."

"అట్లయితే సరే. సదువుకున్నోడివి."

ఆయన కుడి పక్కన నిలబడ్డాడు. ఎడమ జట్టులోని చిన్నాయన జ్వరం నుంచి లేచి రెండు రోజులే అయింది. నేను అడగలేదు. బండ కుడికి తిరిగి నాయన పాదం మీదికి ఎక్కింది.

రెండు వేళ్లు పోయాయి, గని పనీ పోయింది. ఆస్పత్రికి చూడవచ్చిన వాళ్లతో ఆయన, "మావోడి లెక్క కరెక్టే. బండే సదువుకోలా" అన్నాడు. అందరూ నవ్వారు. నేను దుప్పటి ఆయన పాదం మీదికి లాగాను.