వెనక తలుపు, గెలాక్సీ అంచు

మే నెల మధ్యాహ్నం, అదీ గోదావరిఖనిలో, ఇంటి వెనక తలుపు మూసి కూర్చునే మనిషి మా బాపు ఒక్కడే ఉంటాడు. ముందు తలుపు తెరిస్తే వెనకది మూయాలి, వెనకది తెరిస్తే ముందుది మూయాలి. బొగ్గు బాయిలో గాలి లోపలికి పోయే దారికీ, తిరిగొచ్చే దారికీ మధ్య జంట తలుపులుంటాయి. రెండూ ఒకేసారి తెరిస్తే గాలి అడ్డదారిన వెనక్కి పోతుంది, లోపల పనిచేసేవాళ్లకు అందదు. బాపు ఉద్యోగమంతా ఆ తలుపుల దగ్గరే గడిచింది. రిటైరయినా ఆ అలవాటు పోలేదు.

"బాపూ, ఇది ఇల్లు! గాలి ఆడాలె!" అని నేను మొత్తుకుంటే, "రెండూ తెరిస్తే గాలి ఆగుతదా బిడ్డా? గిట్లొచ్చి గట్ల పోతది" అనేవాడు.

ఆ ఉక్కలోనే నా పరిశోధన వ్యాసం దిద్దుకునేదాన్ని. సర్పిల గెలాక్సీల్లో నక్షత్రాలు దాదాపు అయిపోయిన చోటుకు అవతల కూడా చాలా దూరం హైడ్రోజన్ వాయువు పరుచుకుని ఉంటుంది. వాయువు లేనిదే నక్షత్రం పుట్టదు; నడుమ కొత్తవి ఇంకా పుడుతున్నాయంటే, అంచుల్లోని వాయువు మెల్లగా లోపలికి జారుతుండాలి. జారుతోందనే నేను రాశాను. అది అచ్చయితేనే నా ఫెలోషిప్ ఇంకో ఏడాది సాగుతుంది. లేకపోతే ఈ చదువు ఇక్కడితో సరి.

వ్యాసం పంపిన పరిశోధన పత్రిక తరఫు పరిశీలకుడు ఒక్క ముక్క రాసి పంపాడు: అంచు వంగి ఉందేమో చూశారా? ఒళ్లు మండిపోయింది. గెలాక్సీ అంచు ఎండబెట్టిన అప్పడంలా వంకర తిరుగుతుందని నాకు తెలియదా? వంగిన చోట వాయువు ఊరికే చుట్టూ తిరుగుతున్నా మనకు లోపలికి వస్తున్నట్టే కనబడుతుంది. ఆ వంపును లెక్కలోంచి తీసేశాననే అనుకున్నాను. మళ్లీ చేసి చూశాను. వంపు అంచనా కాస్త మారిస్తే ప్రవాహం మాయం. ఇంకాస్త మారిస్తే బయటికి పోతోంది! తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

"మా బాయిల ఉన్నట్టు గాలిని లోపలికి గుంజే ఫ్యాను ఏడున్నది?" బాపు పక్కనుంచి అడిగాడు.

"ఫ్యాను లేదు బాపూ! తిరిగే ఊపు తగ్గితే అదే జారుతది."

"ఊపు ఎవరు తగ్గిస్తరు?"

"అదే తెలుస్తలేదు. జర ఊకోరాదు!"

చివరికి ఒక మధ్యాహ్నం, వాయువు లోపలికి వస్తోందో లేదో నా కొలతలతో చెప్పలేనని పత్రికకు రాసి పంపేశాను. ల్యాప్‌టాప్ మూసి టేబుల్ మీద తల వాల్చాను.

"ఇన్నేండ్లు చేసింది పోయినట్టేనా?" అని అడిగాడు బాపు.

"పోయినట్టే." ఏడుపు ఆగలేదు.

బాపు లేచాడు. ముందు తలుపు తెరిచే ఉంది. వంటింట్లోకి పోయి వెనక తలుపు గడియ తీశాడు. గాలి ఒక్కసారిగా ఇంట్లోకి దూసుకొచ్చింది, నా కాగితాలన్నీ లేచిపోయాయి.

"ఆడనీ బిడ్డా గాలి" అన్నాడు, తలుపు మీంచి చెయ్యి మాత్రం తీయకుండా.