మిరప కల్లంలో అడ్డదారి

కాలేజీలో దూరపు పరుగుపందెం ఎప్పుడు పెట్టినా చివరివాణ్ణి నేనే. సాగర్ కాలవకు కొత్తగా నీళ్ళొచ్చిన ఏడు, అప్పటి నేస్తాలిద్దరు చిలకలూరిపేటలో కలిస్తే, కట్ట వెంట అవతలి టీకొట్టుదాకా సరదాగా పరుగెత్తుదామనుకున్నాం. సరదా వాళ్ళది. నాకు మాత్రం ఒక్కసారైనా ముందు చేరాలని ఉంది.

ఇద్దరూ కాన్వాసు బూట్లలో ముందు పోతున్నారు. "ఏరా, వస్తున్నావా, వెనక్కి పోతున్నావా?" అని ఒకడి కేక.

కట్ట దిగాక దారికి అడ్డంగా మిరప కల్లం. బూట్లతో కల్లం తొక్కకూడదు కనక వాళ్ళు చుట్టూ తిరిగి పోయారు. నావి ఉత్తకాళ్ళు. తిన్నగా దిగాను.

"ఆగు నాయనా," అంది కల్లంలో కూర్చున్న ముసలమ్మ. "ఎటూ దిగావుగా, ఆ కాయ కాస్త కాళ్ళతో తిరగేసి పో. నాకు కాళ్ళు ఆడట్లేదు."

పెద్దావిడ మాట ఎలా తీసేస్తాం? ఎర్రటి కాయల్లో కాళ్ళీడుస్తూ కల్లమంతా తిరిగాను. పగిలిన మడమల్లోకి కారం దిగింది. ఆ మంటకు, మిగిలిన దూరం జన్మలో ఎన్నడూ లేనంత వేగంగా పరుగెత్తాను.

టీకొట్టు దగ్గర వాళ్ళు అప్పటికే రెండో టీ తాగుతున్నారు.

ఇంటికెళ్ళి మూడోస్థానం వచ్చిందని చెప్పాను. ఎంతమందిలోనో ఎవరూ అడగలేదు.