ఇల్లరికపుటల్లుడి వీడియో కెమెరా

ఉద్దానంలో కొబ్బరితోట ఉన్న మావ దొరకడం అదృష్టమే. ఆ మావ ఇంట్లోనే కాపురం ఉండటం ఎలా ఉంటుందో మాత్రం ఢిల్లీబాబుని అడగాలి. పూండి రైలు గేటు దగ్గర జెండా ఊపే ఆయన కొడుకు అతను. మావ రామూర్తికి ఒక్కతే కూతురు ప్రమోదిని కాబట్టి ఇల్లరికం వచ్చాడు. వచ్చి ఏళ్ళు గడిచినా ఊళ్ళో "రామూర్తి అల్లుడు" అనడమే గాని పేరు పెట్టి పిలిచిన వాడు లేడు. ఆ వీధిలో కుక్కకైనా ఒక పేరుంది! బొండాం దింపించాలన్నా మావే, జీడిపిక్కలు పలాస పంపాలన్నా మావే.

అతగాడి కోరికల్లా ఒక్కటే. అమ్మవారి సంబరం ఆఖరి రోజుని అనుపు అంటారు. ఆ రోజు గుడి ముందు ఇంటికొక పెద్దకి కొత్తగుడ్డతో తలపాగా కడతారు. ఆ గుడ్డ ఒక్కసారి తన నెత్తికెక్కాలి. ఎక్కిందంటే ఆ ఇంటికి పెద్ద ఎవరో ఊరికి వేరే చెప్పక్కర్లేదు.

ఇంతలో ప్రమోదిని పెదనాన్న కొడుకు, మిలిటరీలో ఉన్న కామేశ్ సెలవుకొస్తూ బావకి ఒక బుల్లి వీడియో కెమెరా తెచ్చి ఇచ్చాడు. ఫోన్లలో వీడియోలు ఇంకా మసకమసగ్గా వచ్చే రోజులవి. కెమెరా అరచేతిలో ఇమిడిపోయేది. పక్కనున్న రెక్క తెరిస్తే చిన్న తెర, బొమ్మంతా అందులోనే. మీట లాగితే సముద్రంలో ఎక్కడో ఉన్న తెప్ప వచ్చి ముక్కు మీద కూర్చునేది. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది మనవాడికి. "ఏదీ, మమ్మల్ని ఓపాలి సూపించు బాబూ" అని ముసలమ్మలు సైతం వెంటపడ్డారు. ఆఖరికి మావ కూడా వచ్చినవాళ్ళతో "మా అల్లుడుగోరికి కెమెరా ఉందర్రా" అన్నాడు. ఇంకేముంది, అల్లుడి మెడ బిగుసుకుపోయింది.

మరి దాని తద్దినాలు దానికీ ఉన్నాయి. గంట తిరక్కుండా బ్యాటరీ చచ్చిపోతుంది. ఎక్కించుకుందామంటే మా కరెంటు సంగతి తెలిసిందే. ఇసకంటే పడదు, ఉప్పుగాలి అంతకన్నా పడదు. అందుకని, ఉద్దానంలో వచ్చి పడ్డ పాపానికి, ప్రమోదిని పట్టుచీర జాకెట్టు గుడ్డలో చుట్టి దాన్ని చంటిపిల్లలా బీరువాలో దాచేవాడు. కార్డు నిండిపోతుందని ఏదీ తీసేవాడు కాదు. తెర మీద చూపించి మూసేయడమే. "అంతా సంబరానికే" అనేవాడు.

సంబరం రానే వచ్చింది. ఆ ఏడు రామూర్తి ఇంటి నుంచి అమ్మవారి ఘటం కుండ ప్రమోదిని నెత్తికెత్తుకుంటోంది. ఉపవాసం ఉండి, పసుపు నీళ్ళు పోసుకుని, కాలే ఇసకలో వట్టి కాళ్ళతో బయల్దేరుతూ మొగుణ్ణి ఒక్కటే అడిగింది.

"బావా, ఘటంతో నన్ను బాగా తియ్యి. ఇంటికాడ అమ్మ సూసుకుంతాది."

"నీకెందుకు, నేనున్నాను గదా" అన్నాడు.

ఉన్నాడు. అక్కడే వచ్చింది చిక్కు. కెమెరా తెరవగానే తెర మూల పచ్చగా నాలుగు ఇంగ్లీషు అక్షరాలు వెలుగుతాయి, బొత్తాం నొక్కితే అవి పోయి ఎర్రచుక్క వస్తుంది. రైలు గేటు పక్కన పుట్టి పెరిగినవాడికి ఒకడు చెప్పాలా? పచ్చంటే నడుస్తున్నట్టు, ఎరుపంటే ఆగినట్టు! ఘటం వస్తుంటే పచ్చ చూసుకుని గురిపెట్టాడు. వెళ్ళిపోగానే బొత్తాం నొక్కి, ఎర్రచుక్క చూసి, "హమ్మయ్య, ఆగింది" అని చేతికి వేలాడేసుకున్నాడు. సంబరమంతా ఇదే వరస.

అనుపుకి ముందురోజు మధ్యాహ్నం చుట్టాలందరినీ హాల్లో కూర్చోబెట్టి కెమెరా వైర్లు టీవీకి తగిలించాడు. ముందుగా తనొక్కడూ చూసుకుందామన్న బుద్ధి పుడితే ఢిల్లీబాబు ఎందుకవుతాడు?

టీవీలో ఇసక కనబడింది. తర్వాత చెప్పులు. తర్వాత ఎవరిదో పంచె అంచు, మేక తోక. జనం పడీపడీ నవ్వారు.

"నా ఘటం ఏదీ?" అంది ప్రమోదిని.

"వత్తాది, వత్తాది" అన్నాడు బొత్తాలు తడుముతూ. కామేశ్ దగ్గరికొచ్చి కెమెరా చూసి తల పట్టుకున్నాడు. "ఎర్రచుక్కుంతేనే తీత్తాది బావా. నువ్వు ఆపీసినాననుకున్నదంతా తీసినావు, తీసినాననుకున్నదేదీ తియ్యనేదు."

ప్రమోదిని ఉపవాసానికి ఎండిన పెదవి కొరుక్కుని తల దించుకుంది.

ఇంతలో బొమ్మ నిలబడింది. అరుగు మీద మంచం, ఊరి పెద్దలు, మధ్యలో రామూర్తి. అన్నానికి లేస్తూ అల్లుడు కెమెరాని అక్కడ పెట్టి వెళ్ళాడన్నమాట.

"ఈ మోకాళ్ళతో నావల్ల కాదర్రా" అంటున్నాడు టీవీలో రామూర్తి. "అనుపునాడు తలపాగా మా అల్లుడికే కట్టీయండి. ఇల్లరికమని ఊరు నానా రకాలుగా అంతాది గాని, ఆడు నాకు కొడుకే."

హాలంతా ఢిల్లీబాబు వైపు తిరిగింది. అత్త వరహాలమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. ముసలాయన సిగ్గుపడి గోడవైపు చూశాడు. ఢిల్లీబాబు చొక్కా సర్దుకున్నాడు. ఇన్నాళ్ళ కోరిక, అందరి ముందూ, టీవీలో!

"సాలు బావా, ఆపీ" అన్నాడు కామేశ్ గబుక్కున. ఆ తర్వాత తామిద్దరూ ఎక్కడ కూర్చుని ఏం మాట్లాడుకున్నారో అతనికి గుర్తొచ్చింది పాపం.

"ఉండ్రా, ఇంకా ఉంది!" అన్నాడు ఢిల్లీబాబు.

ఉంది మరి. కొబ్బరిచెట్టు మొదలు కనబడింది. మనుషులు లేరు, గొంతు మాత్రం ఢిల్లీబాబుదే, ఖణీమంటోంది.

"తలపాగా నాకిత్తాడేట్రా ముసలోడు? ఆ నెత్తిమీద నుంచి అది దిగాలంటే ఆడే పోవాల. పోనీ, ఎన్నాళ్ళుంతాడు? నా సేతికొచ్చిన మర్నాడే జీడితోట అమ్మీసి పలాసలో షాపెడతాను. ఆవిడగోరు సూడు, ఓ కుండ నెత్తిన పెట్టుకుని పెద్ద దేవతననుకుంతాంది."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు పెద్దలు. జారినదాన్ని తీసిపెట్టే యంత్రం వాళ్ళకి తెలీదు పాపం! ఢిల్లీబాబు టీవీ స్విచ్చి నొక్కబోయి ఫ్యాను ఆపేశాడు. మిగిలినదంతా ఉక్కలో చెమటలు కక్కుకుంటూ విన్నారు.

రామూర్తి మోకాళ్ళ మీద చేతులాన్చి లేచాడు. ఆ జీడితోటలో ప్రతి మొక్కకీ కావిడితో నీళ్ళు మోసింది ఆయనే. "కరెంటు దండగ. కట్టీండి" అని లోపలికి వెళ్ళిపోయాడు. ఒక్క తిట్టు తిట్టినా బాగుండుననిపించింది ఢిల్లీబాబుకి.

మర్నాడు అనుపు. అనుకున్న మాట ప్రకారం పెద్దలు గుడ్డ పట్టుకుని ఢిల్లీబాబు వైపు నడిచారు. సిగ్గులేని ఆశ చూడండి, వాడు తల వంచాడు కూడా!

"ఆగండి" అన్నాడు రామూర్తి. "అమ్మా ప్రమోదినీ, ఇలా రా."

"ఆడమనిషికి తలపాగా ఏటి రామూర్తీ?" అన్నారు పెద్దలు.

"ఘటం మోసిన నెత్తి, గుడ్డ మొయ్యలేదేటి?"

పెద్దలు గుడ్డ ఆయన చేతికిచ్చారు. డప్పులు మోగాయి. ప్రమోదిని నెత్తిన రామూర్తే స్వయంగా తలపాగా చుట్టాడు. చుడుతూ వెనక్కి తిరిగి, "అల్లుడుగోరూ, మీరు వీడియో తీయండి" అన్నాడు.

తీశాడు. ఏం చేస్తాడు మరి? ఈసారి ఒక్క ముక్క పోకుండా వచ్చింది. ఇప్పటికీ సోంపేట నుంచో బారువ నుంచో ఏ చుట్టమొచ్చినా, కాఫీ గ్లాసు చేతికందగానే రామూర్తి మర్యాదగా అంటాడు. "అల్లుడుగోరూ, తలపాగా వీడియో ఓపాలి పెట్టండి."

ఢిల్లీబాబు లేచి వెళ్ళి వైర్లు తగిలిస్తాడు.