సాగనంపుడు నడక

మార్గశిరం, బుధవారం, పొద్దున పది గంటల ఇరవై నిమిషాలకి మా తమ్ముడు రామచంద్రపురంలో డాక్టరమ్మ గారి తూకం మిషను ఎక్కాడు. టైము అంత కచ్చితంగా ఎలా తెలుసంటే, మిషనుకి ఎదురుగా గోడగడియారం ఉంది. వాడి మొహం చూడలేక నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను.

వాడి సంగతి ముందు నుంచి చెప్పాలి. కొబ్బరితోట మీద వచ్చేది కూర్చుని తినడానికి సరిపోతుంది. వాడు మాట తప్పే మనిషి కాదు, కూర్చునే తిన్నాడు. అరవై దాటేసరికి వాడు పడక్కుర్చీలోంచి లేస్తే ఆ కుర్చీ కూడా వాడితోపాటు ఓ అడుగు వచ్చేది. చక్కెర జబ్బుకి మాత్రలు మింగుతూనే ఉన్నాడు, అది పెరుగుతూనే ఉంది.

వినాయక చవితి వెళ్ళిన వారం డాక్టరమ్మ గారు వాడి కాగితాలు చూసి, మేం ఊహించని మాట చెప్పారు.

"మీ ఒంట్లో ఇన్సులిన్ లేక కాదండి. ఎక్కువే ఊరుతోంది. మీది వ్యవసాయం కదా, ఇలా అనుకోండి. కాలవ నిండా నీళ్ళున్నాయి. నీళ్ళు వదిలే లస్కరు పొద్దస్తమానం వచ్చి తూము తిప్పుతూనే ఉన్నాడు. తూము తుప్పు పట్టి తెరుచుకోవట్లేదు. చేను ఎండుతోంది, గట్టు తెగుతోంది. ఆ నీళ్ళు చక్కెర, ఆ లస్కరు ఇన్సులిన్."

"తుప్పు ఏదండీ?" అన్నాడు వాడు.

"ఇదిగో, ఒళ్ళో పెట్టుకు కూర్చున్నావు కదరా," అన్నాను నేను, వాడి పొట్ట చూపించి.

డాక్టరమ్మ గారు నవ్వు ఆపుకున్నారు. నడిస్తే తుప్పు వదులుతుందన్నారు. నడిచేటప్పుడు కండ తనంతట తనే కొంత చక్కెర లాక్కుంటుందట. నడక ఆపాక కూడా ఒకటి రెండు రోజులు ఇన్సులిన్ మాట వింటుందట. ఆ తరవాత మళ్ళీ మొండికేస్తుంది కాబట్టి వరసగా నడవాలి. మాత్రలు ఆపకూడదు. మూడు నెలలు చూసి, తగ్గకపోతే ఇన్సులిన్ సూది మొదలుపెడతామన్నారు.

సూది అనగానే వాడి చెయ్యి కాలి మీదికి వెళ్ళింది. నాకు అర్థమైంది. మా నాన్న ఆఖరి ఏళ్ళు సూది మీదే బతికాడు. ఆ ఏళ్ళలోనే పుండు మానక పాదం తీసేశారు. సూది వల్ల కాదు, జబ్బు ముదిరాక సూది దగ్గరికి వెళ్ళడం వల్ల. డాక్టరమ్మ గారు కూడా అదే చెప్పారు, సూది శత్రువు కాదండీ అని. కానీ వాడి తలలో సూదీ, నాన్న కట్టు కట్టిన కాలూ ఒకే ముడి పడిపోయాయి. బస్తాలాంటి మనిషి సూదికి జడుస్తున్నాడని నేను ఊరంతా వేళాకోళం చేశాను గాని, ఆ ముడి గురించి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మర్నాడే తెల్ల బూట్లు కొన్నాడు. పొద్దున్నే కాలవగట్టు మీద బయల్దేరాడు. తిరిగొచ్చేసరికి ఎండెక్కింది. మా మరదలు గుమ్మంలోనే పట్టుకుంది నన్ను.

"మీ తమ్ముడు నడకకి వెళ్ళి భోంచేసి వస్తున్నారు వదిన గారూ. ఇంట్లో టిఫిను కూడా వద్దంటున్నారు."

మర్నాడు నేనూ వెంట వెళ్ళాను. గట్టు మీద నాలుగడుగులు వేశామో లేదో, అరుగు మీంచి రిటైరైన మాస్టారు లేచారు.

"ఏంటండీ, గుమ్మం ముందు నుంచి వెళ్ళిపోతున్నారు! మేం కనపడట్లేదా?"

లోపలికి వెళ్ళాం. కాఫీ వచ్చింది, చెంచా నిలబడేంత పంచదారతో. అక్కడి నుంచి కదిలితే మా పిన్ని ఇల్లు. మావైపు చుట్టాల గుమ్మం దాటి లోపలికి వెళ్ళకుండా పోతే అది తగువు కింద లెక్క. పిన్ని పొయ్యి మీద పెనం పెట్టే ఉంచింది.

"పిన్నీ, వద్దే. వీడికి చక్కెర జబ్బు."

"పెసరట్టులో చక్కెర ఎక్కడుందే? ఉప్మా పెట్టి ఇస్తా, తినరా నాన్నా. నడిచొచ్చి నీరసపడ్డావు."

"ఆయ్," అన్నాడు మా తమ్ముడు, ఆకలిగా.

రెండు వారాలు ఇదే వరస. వేలు పొడిచి చూసుకునే మిషనులో అంకె దిగలేదు సరికదా, ఎక్కింది. ఆ రోజు సాయంత్రం వాడు మెట్ల మీద కూర్చుని, కాలివేళ్ళు విడదీసి సందుల్లో చూసుకుంటున్నాడు.

"నడిస్తే పెరిగిందక్కా," అన్నాడు. "నా ఒంటికి నడక పడదేమో."

"నీ ఒంటికి పడనిది నడక కాదురా, మొహమాటం."

తిట్టడం తేలికే. మరి దారి? ఇంకో వైపు వెళితే అటు మా మేనత్త వాళ్ళు. చేలగట్ల మీదికి వెళితే జారుడు. వద్దండీ అంటే "మా ఇంటి మంచినీళ్ళు కూడా పనికిరావా?" అంటారు. ఆ మాటకి ఎదురు చెప్పగల మనిషి గోదావరికి ఈ ఒడ్డున ఇంకా పుట్టలేదు.

ఆలోచించగా తట్టింది. మావాళ్ళకి కూర్చోబెట్టే మర్యాద ఒకటుంటే, సాగనంపే మర్యాద ఇంకోటుంది. వచ్చినవాళ్ళని గుమ్మంలోంచి పంపేయరు. వీధి చివరిదాకా వస్తారు. అక్కడ మాట తెగదు. తెగక, మనింటిదాకా వస్తారు. వచ్చారు కదా అని మనం మళ్ళీ వాళ్ళని దిగబెట్టడానికి వెళతాం.

మర్నాడు మాస్టారు అరుగు మీంచి లేవగానే నేనే ముందు అందుకున్నాను.

"కాఫీ వద్దండీ. మమ్మల్ని సాగనంపండి."

"రాకుండానే సాగనంపడం ఏంటండీ?"

"వచ్చాం అనుకోండి. తాగాం అనుకోండి. చాలా బాగుందండీ మీ కాఫీ. ఇక రండి."

మాస్టారు తెల్లబోయి చెప్పులేసుకున్నారు. సాగనంపమని నోరు తెరిచి అడిగాక కాదంటే మర్యాద ఎక్కడ నిలుస్తుంది? పిన్ని దగ్గర ఇంకాస్త కష్టమైంది. నా పెసరట్టు ఏమైపోవాలే అని చేతికర్ర ఎత్తింది. చివరికి తన కోడల్ని పంపింది. ఆ అమ్మాయీ మావాడికి తీసిపోనంత బొద్దే. వాళ్ళు మమ్మల్ని కాలవ లాకుల దాకా సాగనంపడం, మేం వాళ్ళని మళ్ళీ వాళ్ళ గుమ్మాల దాకా దిగబెట్టడం. ఓ రోజు సైకిలు మీద వెళ్ళే మనిషి మా గుంపుని చూసి, సైకిలు దిగి తలగుడ్డ తీశాడు.

"ఎవరు పోయారండీ?"

"పోకుండా ఉండడానికేనండీ ఇది," అన్నాడు మా తమ్ముడు. వాడి నోట వేళాకోళం విని చాలా కాలమైంది.

మధ్యలో ముసురు పట్టి నాలుగు రోజులు గడప దాటలేదు. మెల్లగా దిగుతున్న అంకె మళ్ళీ పైకి పాకింది. వాడు దిగులుపడ్డాడు గాని నాకు వింతగా అనిపించలేదు. నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటాక, పక్కింటి పిల్ల పలక మీద. నాలుగు రోజులు దిద్దకపోతే 'ఖ' ఎటు తిరుగుతుందో మర్చిపోయేదాన్ని. లేటుగా నేర్చింది ఏదైనా అంతే, రోజూ దిద్దించుకుంటుంది. ఆ మాటే చెప్పి, వాన వెలవగానే వాణ్ణి లేవదీశాను.

అలా వచ్చింది మార్గశిరం, ఆ బుధవారం. మిషను దగ్గర నర్సమ్మ అంకె చదివింది. గడియారం చూస్తున్నదాన్ని నేనూ తలతిప్పాను. బూట్ల బరువంత తగ్గాడేమో, అంతే.

"ఇంత నడిచి ఇదేనా?" అన్నారు మా వెనకే వచ్చిన మాస్టారు. నిజం చెప్పే అలవాటు నాకే ఉందనుకునేదాన్ని.

తమ్ముడు బల్ల మీద కూర్చుని అరచేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. డాక్టరమ్మ గారు రక్తపరీక్ష చూసి, చవితినాటి కాగితం పక్కన పెట్టుకుని మళ్ళీ చూశారు.

"బాగా దిగిందండి. ఇప్పుడు సూది అక్కర్లేదు."

"బరువు దిగలేదు కదండీ?"

"బరువు నిదానంగా దిగుతుందండి. తూము ముందే కదిలింది. కండలు మాట వింటున్నాయి."

"అయితే నా కాళ్ళు..." అని బూట్లు విప్పాడు.

ఆవిడ వంగి వాడి రెండు పాదాలూ నొక్కి చూశారు. "శుభ్రంగా ఉన్నాయండి. రోజూ ఇలాగే చూసుకోండి, నడవడం ఆపకండి."

మా తమ్ముడు కళ్ళు తుడుచుకున్నాడు. చెమట అన్నాడు, మార్గశిరంలో. లేచి దండం పెడితే ఆవిడ మర్యాదకి తలుపు దాకా వచ్చారు.

"ఇంకో నాలుగడుగులు రండి, సాగనంపుదురు గాని," అన్నాడు వాడు. ఆవిడకి ఏమీ అర్థం కాలేదు, అయినా గేటు దాకా వచ్చారు.

ఆ రోజు అక్కడున్నవాళ్ళు: డాక్టరమ్మ గారు, నర్సమ్మ, మమ్మల్ని సాగనంపడానికని రామచంద్రపురం దాకా వచ్చేసిన మాస్టారు, పిన్ని కోడలు, పెసరట్టు డబ్బా ఒళ్ళో పెట్టుకుని మా పిన్ని, మా మరదలు, నేను, మా తమ్ముడు. వాడి రెండు కాళ్ళూ ఉన్నాయి, వాటినీ కలుపుకోవాలి.