మంచుకొండ మొక్కు

ఆ కొండ నకిలీదని అందరికంటే ముందు నాకే తెలుసు. మాల్‌లో గోదాము లాంటి పెద్ద హాలు కట్టి, యంత్రాలు కక్కిన మంచును ఏటవాలుగా పరిచి, దానికి కొండ అని పేరు పెట్టారు. కాళ్లకు పొడుగాటి పలకలు తగిలించుకుని పైనుంచి జారడానికి. బయట కువైత్ ఆగస్టు ఎండ, లోపల పళ్లు టకటకలాడే చలి. అదంతా ఆటేనని నేనూ ఒప్పుకుంటాను. అయినా ఆ కొండను వెక్కిరించినవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు.

కువైత్‌లోని ఎగైలా అనే పేటలో నేనూ, ఒక అక్కా ఒకే ఇంట్లో పనిచేసేవాళ్లం. నాది రాయచోటి దగ్గర పల్లె, ఆ ఇంటి పిల్లను చూసుకునేదాన్ని. వంట చేసే అక్కది కోనసీమ. మా నాయన ఊరూరా పురాణం చెప్పేవాడు. స్తోత్రాలూ పూజావిధానమూ నాకు ఆయన నోటినుంచే వచ్చాయి. అక్కకు తెలిసింది "నమశ్శివాయ" ఒక్కటే. అది మాత్రం ఉల్లిపాయలు తరిగేటప్పుడు కూడా ఆగేది కాదు.

ఆమె భర్త కొబ్బరి దింపు తీసేవాడు. ఒకసారి చెట్టు మీదినుంచి పడి, కాలు విరిగి మంచం పట్టాడు. ఫోన్లో ఆ మాట విని అక్క వంటింట్లోనే కూలబడి మొక్కుకుంది: ఆయన లేచి నడిస్తే ఉత్త కాళ్లతో మంచుకొండ ఎక్కి శివయ్యకు దణ్ణం పెడతానని. ఆయన లేచాడు, నడిచాడు. మొక్కు మిగిలిపోయింది. రెండేళ్లకోసారి ఇచ్చే సెలవు ఇల్లు చక్కబెట్టుకోవడానికే చాలదు, ఇక హిమాలయాలెక్కడ? ఇంతలో ఆయన కాలు మళ్లీ వాచింది. మొక్కు తీర్చనందుకే వాచిందని అక్కకు ముద్ద దిగేది కాదు. ఆస్పత్రికి వెళ్లమంటే ఆయనా అదే అనేవాడట, "ముందు నువ్వు మొక్కు తీర్చు, అదే తగ్గుద్ది" అని.

రంజాన్ నెలలో ఒక మధ్యాహ్నం మామా కూతుర్ని ఆ మంచు హాలుకు తీసుకెళ్లింది. ఇంటి యజమానురాలిని మేం మామా అనే పిలిచేవాళ్లం. చలికాలంలో వాళ్లు ఏదో మంచుదేశం వెళ్లబోతున్నారట, ఆలోపు పిల్ల జారడం నేర్చుకోవాలి. సామాను మోయడానికి మా ఇద్దరికీ టికెట్లు కొంది. ఉపవాసాల పగలు కదా, హాల్లో పురుగు లేదు. అంత కొండకూ మేమూ, ఒక కాపలా మనిషీ. పిల్ల కాసేపు జారి, పడి, ఏడుస్తూ గాజు తలుపు అవతల కూర్చున్న తల్లి దగ్గరికి వెళ్లిపోయింది. ఇక కొండంతా మాదే.

అక్క నా వైపు తిరిగింది.

"ఏవే, ఇది మంచేనా?"

"మంచే."

"కొండేనా?"

"కొండంటే కొండే గానీ, మిషన్‌ది గదక్కా."

"నాకు దొరికింది ఇదే కదే. ఇంద, పట్టుకో," అని బూట్లు విప్పి నా చేతిలో పెట్టింది. మేజోళ్లూ తీసేసింది.

దేవుడి కొండ మొదట్లో కాలి చెప్పు విడవడం మాకు పుట్టుకతో వచ్చిన అలవాటు. బూట్లు లేకుండా ఎక్కకూడదన్నది అక్కడి రూలు. కాపలా మనిషి "అమ్మా! జూతా పెహనో!" అని అరుస్తూ పరుగెత్తుకొచ్చాడు. నేను అడ్డం నిలబడి నాకొచ్చిన హిందీలో, మొక్కు భయ్యా, మొక్కు తీర్చుకుంటోంది అన్నాను. ఇది మాల్, మందిరం కాదు, ఆమెకు పిచ్చా అన్నాడు. అతనూ జీతగాడే, అతని భయం అతనిది. కానీ ఆ పిచ్చి అన్న మాటకు నాకు ఒళ్లు మండింది. అంత ఖాళీ కొండ మీద ఒక ఆడమనిషి పాదం మోపితే ఏం కరిగిపోతుందని?

అక్క వెనక్కి చూడలేదు. జారింది, చేతులు ఆనించి పాకింది, "నమశ్శివాయ" అంటూ పైకెక్కింది. పైన గోడ, గోడకు చల్లగాలి వదిలే యంత్రం. దాని ముందు మోకరిల్లి నుదురు మంచుకు ఆనించింది. దిగేసరికి పాదాలు మొద్దుబారి అడుగు తిన్నగా పడడం లేదు.

గొడవ విని మామా లోపలికొచ్చింది. ఉద్యోగం పోయినట్టేననుకున్నాను. అక్క తన వంటింటి అరబ్బీలో చెప్పుకుంది: భర్త, చెట్టు, పడ్డాడు, దేవుడికి మాట ఇచ్చాను. మామా ముఖం మారింది.

"నదర్?" అంది. వాళ్ల భాషలో మొక్కు. అక్క తలూపింది.

"తీర్చావా?"

"తీర్చాను మామా."

"ఖలాస్, అయిపోయింది. యల్లా, పద, కాళ్లు తుడుచుకో." కాపలా మనిషితో ఏదో గట్టిగా అంది. అతను పక్కకు తప్పుకున్నాడు.

నన్ను అసలు మండించింది ఆ తర్వాతి శుక్రవారం. బ్నీద్ అల్ గార్‌లో ఒక ఫ్లాట్‌లో మా తెలుగువాళ్లందరం భజనకు చేరేవాళ్లం. పూజ చేయించే ఆయనది మా జిల్లానే, మిర్కాబ్‌లో దర్జీ. గొంతు బాగుంటుందని పెద్దరికం ఇచ్చాం. అక్క సంబరంగా సంగతి చెప్పగానే ఆయన తాళాలు కింద పెట్టాడు.

"ఏమ్మా, ఫ్రిజ్జులో తిరునాళ్లకు పొయ్యొచ్చినావా?"

గదంతా నవ్వింది. "కూలింగ్ స్వామి కనపడినాడా?" అని వెనకనుంచి ఎవరో.

అక్క తానూ నవ్వబోయి ఆగిపోయింది. ఆయన అంతటితో వదల్లేదు. "అది చెల్లదు. దేవునితో ఆటలాడినావు. నీ మొగుని కాలు ఊరికే వాచలేదు. ఇంగా ఏమైతాదో చూడు."

ఆమె ముఖం పాలిపోయింది. నేను లేచాను.

"అన్నా, ఆ కలశంలో నీళ్లు యాడివి?"

"కుళాయివి. ఏం?"

"కుళాయిలోకి యాడ నుంచి వచ్చినాయి? సముద్రం నీళ్లు మిషన్లో పోసి ఉప్పు తీస్తే వచ్చినాయి. వాటి మీద చెయ్యి పెట్టి నువ్వు పిలిస్తే గంగ, యమున, గోదావరి అన్నీ వచ్చి కూర్చుంటాయి. మేం కండ్లకద్దుకుని తాగుతాం. మిషన్ నీళ్లలోకి గంగ వస్తాది గానీ, మిషన్ మంచులోకి శివుడు రాడా?"

"అది మంత్రం, చెల్లీ."

"ఆయమ్మ కొండెక్కినంతసేపూ అనింది ఏంది? సినిమా పాటనా?"

"ఆడోళ్లతో వాదనేంది," అని ఆయన తాళాలు అందుకున్నాడు.

ఇదీ నా కోపం. పసుపుముద్దలో వినాయకుణ్ణి కూర్చోబెట్టి దణ్ణం పెట్టమని నేర్పిన ధర్మం మనది. పిలిస్తే దేవుడు రాయిలోకీ దీపంలోకీ వస్తాడని రోజూ పాడే నోటితోనే, వంటమనిషి పిలిస్తే రాడని తీర్పు చెబుతామా? దేవుడి రాకపోకలకు అనుమతులిచ్చే పని ఎవరు అప్పగించారు మనకు? పొద్దుటినుంచి గుక్క నీళ్లు తాగని పరాయి మతం ఆవిడకు ఒక్క మాటలో తలకెక్కింది. మన గదికి ఎక్కలేదు. పైగా జబ్బు మనిషి కాలు చూపించి భక్తురాలిని భయపెట్టడం. అది ఏ పూజలో భాగమో మా నాయన నాకు నేర్పలేదు.

హారతి అయ్యాక ఆ అన్నే తీర్థం ఇస్తున్నాడు. అక్క వంతు వచ్చింది. చెయ్యి చాపలేదు.

"ఏవండీ, ఇది గంగేనాండీ, కుళాయి నీళ్లాండీ? సెప్తే పుచ్చుకుంటాను."

ఉద్ధరిణె గాలిలో ఆగింది. వెనక వరుసలో అందరూ వింటున్నారు. "గంగే లేమ్మా," అన్నాడు, కళ్లు కలపకుండా.

"ఆయ్," అని పుచ్చుకుని, తడి చెయ్యి తలకు రాసుకుని, మెట్ల మీదికి వెళ్లి భర్తకు ఫోన్ చేసింది. తలుపు తీసే ఉంది.

"మొక్కు తీరిపోయిందండీ. ఇంక దేవుడి మీదా నా మీదా పెట్టకండి. రేపు పొద్దున్నే అమలాపురం ఎల్లి ఆ కాలు డాక్టరుకి సూపించుకోండి." అవతలనుంచి ఏదో సణుగుడు. "నేను కొండెక్కాను. మీరు బస్సెక్కలేరా?"