క్యాంపు గదిలో సర్పంచ్ ఎన్నిక

కేకు మీద పేరు లేదు. నా అనుమానం అక్కడే మొదలైంది.

రాస్ అల్ ఖైమాలో రాతి క్వారీల దగ్గరున్న లేబర్ క్యాంపు అది. పుట్టినరోజు చేసుకుంటున్నాం, వచ్చి నాలుగు ఫోటోలు తీసుకెళ్ళమని నన్ను పిలిచారు. ఎవరిదండీ పుట్టినరోజు అని అడిగితే ఒకాయన కిటికీ దగ్గర నిలబడ్డ మనిషిని చూపించాడు. ఆ మనిషి తన పక్కవాణ్ణి చూపించాడు. పక్కవాడు తల గోక్కుని, "అందరిదనుకోండ్రి మేడం" అన్నాడు. పాస్‌పోర్టుల్లో సగం మందికి ఏజెంటు రాయించిన ఒకే పుట్టిన తేదీ ఉంటుందన్నది నిజమే గానీ, ఆ తేదీ ఆ రోజు కాదు.

నేను అజ్మాన్‌లో ఉంటాను. హైదరాబాదు నుంచి నడిచే ఒక వార్తల వెబ్‌సైటుకు గల్ఫ్ విశేషాలు రాస్తాను. బతుకమ్మ ఆడారని, రక్తదానం చేశారని, ఫలానా ఊరి మనిషి శవం ఇంటికి చేరిందని. మాది గోదావరి జిల్లా. మా ఆయన మాటల్లో చెప్పాలంటే అనుమానం ముందు పుట్టి తర్వాత నేను పుట్టాను. కూరగాయల కొట్టువాడు కొత్తిమీర ఊరికే ఇస్తే ఎందుకిచ్చాడా అని కట్ట విప్పి చూస్తాను. ఈ వృత్తికి ఆ మాత్రం ఉండాలని నేనంటాను. వృత్తికి సరే, వంటింట్లో కూడా ఎందుకని ఆయనంటాడు.

గదిలోకి వెళ్ళగానే నా ఫోను అడిగారు. ఇవ్వనన్నాను. రికార్డు చేస్తారేమోనని భయం మేడం, ఇక్కడ రాజకీయం మాట్లాడుకున్నామని తెలిస్తే మా గతి ఖలాస్ అన్నారు. సరేనని ఇచ్చాను. దాన్ని ఖాళీ కుక్కర్లో పెట్టి మూత బిగించారు. విజిల్ కూడా పెట్టండి అన్నాను. ఎవరూ నవ్వలేదు.

అప్పుడు విషయం బయటపడింది. పుట్టినరోజు ఫోటోలు వెబ్‌సైటులో పడితే ఇంతమంది ఎందుకు కూడారని ఎవరూ అడగరని నన్ను పిలిచారట. వాళ్ళంతా జగిత్యాల వైపు ఒకే ఊరివాళ్ళు. ఊళ్ళో పంచాయతీ ఎన్నికలు వస్తున్నాయి. సర్పంచ్ పదవి ఈసారి ఆడవాళ్ళకు రిజర్వయింది. పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు కనక టికెట్టు ఇచ్చేవాళ్ళు, ఆపేవాళ్ళు ఉండరు. గల్ఫ్‌లో ఎక్కడ పనిచేసినా ఊళ్ళో దుబాయోళ్ళే అంటారు; ఆ దుబాయ్ కుటుంబాల నుంచే ఇద్దరు నిలబడతామంటున్నారు. ఇద్దరూ నిలబడితే ఓట్లు చీలి మూడోవాళ్ళు ఎగరేసుకుపోతారు. అందుకని ఆ ఇద్దరిలో ఎవరు నిలబడాలో ముందు ఇక్కడ తేల్చుకుని, గెలిచినవాళ్ళకే ఇళ్ళలో ఓట్లు వేయించాలని నిర్ణయించుకున్నారు. అమెరికాలో పార్టీలు అసలు ఎన్నికకు ముందు ఇంకో ఎన్నిక పెట్టుకుని అభ్యర్థిని తేల్చుకుంటాయని వార్తల్లో రాస్తుంటాం. అదే పని ఇక్కడ మంచాల మీద కూర్చుని, మధ్యలో కేకు పెట్టుకుని చేస్తున్నారు.

ఇద్దరు అభ్యర్థులన్నాను గదా, ఆ ఇద్దరూ అక్కడ లేరు. ఊళ్ళో ఉన్నారు. ఒకామె రేషన్ డీలరు భార్య. ఆ డీలరు తమ్ముడు ఈ క్యాంపులోనే ఉంటాడు. రెండో ఆమె భర్త ఈ క్వారీలోనే పొక్లెయిన్ నడుపుతాడు. పెళ్ళయిన ఏడాదికే వచ్చినవాడు. కొడుకిప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. రాళ్ళ మోతలో బతికి బతికి గట్టిగా మాట్లాడటం అలవాటైన మనిషి.

డీలరు తమ్ముడు ముందు లేచాడు. "మా అన్న ఊర్లనే ఉంటడు. ఎమ్మార్వో ఆఫీసు తెల్సు, బ్యాంకు తెల్సు. పనులు జేయిస్తడు" అన్నాడు.

పొక్లెయిన్ ఆయన కూర్చునే సమాధానం చెప్పాడు. "నేను సుత పోత. వీసా క్యాన్సిల్ జేసుకొని పోయి ఊర్లనే ఉంట. దుబాయోళ్ళ బాధ ఇక్కడ రాళ్ళు పగలగొట్టినోనికి ఎర్క గాని, బియ్యం తూకమేసెటోనికి ఏం ఎర్క?"

ఆ మాటకు గదంతా కదిలింది. నేనుండబట్టలేక అడిగాను. "నిలబడేది ఆడవాళ్ళు గదా, వాళ్ళనెవరైనా అడిగారా?"

ఈసారి అందరూ నవ్వారు. మంచం మీద పెద్దాయన నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా చెప్పాడు. "ఆళ్ళనడుగుడేంది మేడం, సంతకం ఆళ్ళదే గదా."

చేతులెత్తారు. పొక్లెయిన్ ఆయనకు ఎక్కువ లేచాయి. అంతటితో అయిపోతే దాన్ని ఎన్నికంటారు. వీళ్ళకు ఒకరి మీద ఒకరికి నమ్మకం లేదు. ఇక్కడ చెయ్యెత్తి రాత్రికి ఇంటికి ఫోన్ చేసి వేరే మాట చెబితే? అందుకని ఇంకో పద్ధతి పెట్టుకున్నారు. ఒక్కొక్కడూ అందరి ముందూ స్పీకర్ పెట్టి భార్యకు ఫోన్ చేసి, ఓటెవరికి వెయ్యాలో చెప్పాలి. ఆమె ఒప్పుకున్నట్టు గదంతా వినాలి. అదీ ముద్ర.

వరసగా ఫోన్లు చేశారు. అటునుంచి ఒకామె కూర కలుపుతూ "సరే" అంది. ఒకామె పిల్లాణ్ణి తిట్టి, తిట్టు మధ్యలో "సరే" అంది. డీలరు తమ్ముడు కూడా పళ్ళు బిగించుకుని చెప్పాడు. అతని భార్య కూడా సరేనంది. ఎందుకని ఒక్కతీ అడగలేదు. డీలరు భార్యకేం తక్కువని ఒక్కతీ అనలేదు. మా ఇంట్లో పప్పులో ఉప్పు తక్కువన్నా పావుగంట వాదన నడుస్తుంది. మొగుడు ఓటు సంగతి చెబితే ఇంతమంది ఆడవాళ్ళు నోరెత్తకుండా ఒప్పుకోవడమేమిటి? ఎక్కడో తేడా కొట్టింది.

కానీ నా అనుమానమంతా అప్పుడు మగవాళ్ళ మీదే. బిర్యానీ ఎవరు తెప్పించారు? తలుపు దగ్గర ఇస్త్రీ చొక్కా వేసుకుని ఒక్క మాటా మాట్లాడకుండా కూర్చున్న మనిషెవరు? ఏజెంటా, పార్టీ మనిషా, కంపెనీ వాళ్ళు పెట్టిన వేగా? వెళ్ళేటప్పుడు పక్కకు పిలిచి నిలదీశాను. అతను కంగారుపడి పక్కనున్న సంచీ తెరిచి చూపించాడు. స్పానర్లు, గ్యాసు గొట్టం. ఏసీ బాగుచేయడానికి వచ్చిన మలయాళీ. మీటింగు ఎప్పుడవుతుందా అని గంట నుంచి కూర్చున్నాడట. మర్యాదకు కేకు కూడా తిన్నాడు.

ఆ రాత్రి మా ఆయన ఈ మాట విని నవ్వీ నవ్వీ నీళ్ళు తాగాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ వార్త మాత్రం రాయలేదు. రాస్తే అక్కడ పనిచేసేవాళ్ళకు ముప్పు. పుట్టినరోజు అని రాయడానికి చెయ్యి రాలేదు.

ఊళ్ళో నామినేషన్లు పడ్డాయి. డీలరు భార్య కూడా వేసింది. అన్న తన మాట వినలేదని తమ్ముడన్నాడు. వీడే వేయించాడని క్యాంపంతా అంది. అతనితో కలిసి వండుకోవడం మానేశారు. నాకు రోజుకొకడు ఫోన్ చేసి రెండోవాడి మీద చెప్పేవాడు. ఫలానా వాడు ఇంటికి దొంగచాటుగా ఫోన్ చేశాడని, ఫలానా వాడి భార్య డీలరు ఇంటికి పోయి చాయ్ తాగిందని. నేను మార్కెట్లో చేపలు శుభ్రం చేయించుకుంటూ, బస్సు కోసం ఎండలో నిలబడి ఈ కథలన్నీ విన్నాను. ఊళ్ళో ఎవరికి నిజంగా ఊపుందో అక్కడి విలేకరిని అడిగితే, ఆడవాళ్ళు ఎవరడిగినా సరేనంటున్నారు, ఏం తెలియడం లేదు అన్నాడు.

చివరికి పొక్లెయిన్ ఆయన భార్యే గెలిచింది. తేలికగా గెలిచింది. స్పీకర్ ఫోన్ల బలమది అని క్యాంపులో మిఠాయి పంచారు. ఇంత సునాయాసంగా ఎలా గెలిచిందని నాకు మళ్ళీ అనుమానం.

తర్వాతి సెలవు రోజున పొక్లెయిన్ ఆయన అజ్మాన్‌లో మా ఇంటికొచ్చాడు. తెల్ల చొక్కా, గడ్డానికి నల్లరంగు, చేతిలో కొత్తగా తీయించుకున్న ఫోటో. సోఫా అంచున కూర్చున్నాడు.

"అక్కా, వార్త రాయుండ్రి. దుబాయ్ల కష్టపడ్డ మనిషి ఊరికి సర్పంచయిండని."

"సర్పంచయింది మీ ఆవిడ గదన్నా."

"అదే, మేమే. ఆమెకేం తెల్వదక్కా, బీడీలు జేసుడు దప్ప. నేనే సూసుకోవాలె. ముదీర్‌కు జెప్పిన, వీసా క్యాన్సిల్ జెయ్యుమని. రేపు కాగితం మీద సంతకం వెడత. ఇగ ఈ రాళ్ళు ఖలాస్." ముదీర్ అంటే వాళ్ళ క్వారీ మేనేజరు. ఆ మాటలు అంటుంటే ఆయన ముఖం చూడాలి. క్వారీ దుమ్ము చెవి మడతల్లో ఇంకా ఉంది గానీ, మనిషి అప్పుడే ఊళ్ళో దిగిపోయాడు. ఏ వీధికి ముందు మోరీ కాలువ కట్టించాలో చెప్పాడు. బడి గోడ సంగతి చెప్పాడు. పొద్దున్నే లేచి తన ఇంటి గుమ్మంలో కూర్చుని చాయ్ తాగాలని కూడా చెప్పాడు. నాకు ఆ చివరి మాట బాగా గుచ్చుకుంది.

వార్త రాయాలంటే గెలిచినామెతో మాట్లాడాలన్నాను. చేయుండ్రి చేయుండ్రి అని నంబరిచ్చాడు. నేను చేశాను. ఆమె ఎత్తింది. నేనెవరో చెప్పి, అభినందించి, ఎలా గెలిచారమ్మా అని అడిగాను. మీ ఆయన మనుషులు ఇక్కడి నుంచి ఫోన్లు చేశారు గదా అన్నాను.

ఆమె నవ్వింది. "ఆ ఫోన్లు రాకముందే తెగిందక్కా అది. బీడీలు అప్పజెప్ప కార్ఖానకు పోయినప్పుడు మా ఆడోళ్ళందరం మాట్లాడుకున్నం. డీలరు పెండ్లాం మంచిదే. గని ఆమెకు ఏస్తే కుర్చీల డీలరు కూసుంటడు. పక్క ఊర్ల గట్లనే అయింది. సర్పంచమ్మ చాయ్ వెడుతది, ఆమె మొగడు సంతకం వెడుతడు."

"మరి మీకెందుకు వేశారు?"

"నా మొగడు దుబాయ్ల ఉంటడు గదక్కా. అందుకే ఏసిండ్రు. ఏసేటప్పుడే చెప్పిండ్రు. నీ మొగడు ఊర్లకస్తే మేమందరం నీ ఇంటి మీదికస్తమని."

ఎదురుగా ఆయన నన్నే చూస్తున్నాడు. నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను. ఆయన రావడానికి సిద్ధమయ్యాడమ్మా అన్నాను.

"ఆయన మీ తాన్నే ఉన్నడా?" అని అడిగింది.

"ఉన్నాడు."

"అయితే ఇయ్యుండ్రి. మీతోని చెప్పిచ్చుడెందుకు, నేనే చెప్త."

ఫోను ఇచ్చాను. నాకు ఆయన మాటలే వినిపించాయి. తిన్న. మంచిగనే ఉన్న. లేదు, ఇంకా సంతకం వెట్టలె, రేపు. ఎవరన్నరు? అందరా? మీ అమ్మ సుతనా? ఆ తర్వాత చాలాసేపు వింటూ ఉండిపోయాడు. గట్టిగా మాట్లాడే మనిషి గొంతు అంత తగ్గడం నేను అప్పుడే విన్నాను. నేను వంటింట్లోకి వెళ్ళి చాయ్ పెట్టాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. ఆ ఆడవాళ్ళ అనుమానం తప్పని ఎలా అంటాను? ఆయన సోఫాలో కూర్చుని, ఆమెకేం తెల్వదు అని నా ముందే అన్నాడు. అయినా ఆయన కప్పులో ఇంకో చెంచా చక్కెర వేశాను. ఇంతకాలం నేనే పెద్ద అనుమానప్పక్షిననుకున్నాను. ఆ ఊరి ఆడవాళ్ళ ముందు నేనెంత? వాళ్ళు ఎవరినీ నిలదీయలేదు. అందరికీ సరేనని చెప్పి, పని కానిచ్చుకున్నారు.

చాయ్ తెచ్చేసరికి ఫోను బల్ల మీద ఉంది.

"నేను ఆళ్ళకేం జేసిన అక్కా?" అన్నాడు. "సెలవుకు పోయినప్పుడల్లా ఇంటింటికి సబ్బులు, సెంటు ఇచ్చి అచ్చిన. నేనెట్లాంటోన్నో ఆళ్ళకేం ఎర్క? ఊర్లె ఎప్పుడున్న నేను?"

మీరు పోవాలనుకుంటే పోండన్నా, అది మీ ఇల్లు అన్నాను. ఆయన తలూపాడు గానీ విన్నట్టు లేదు. చాయ్ తాగలేదు. ఫోటో తీసి జేబులో పెట్టుకుని, "ఆమె ఫోటోనే వెట్టుండ్రి. పంపుమని జెప్త" అన్నాడు.

తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటూ ముదీర్‌కు ఫోన్ చేశాడు. ముదీర్ పాకిస్తానీ అనుకుంటాను, గొంతు బయటికి వినిపించింది. ఈయన ముందు సలాం చెప్పాడు. తర్వాత హిందీలో అన్నాడు: "సాబ్, క్యాన్సిల్ మత్ కరో. ఘర్ మే అభీ మేరీ జరూరత్ నహీ హై."

ఇంట్లో ఇప్పుడు నా అవసరం లేదు. ముదీర్‌కు అది ఏ విధంగా అర్థమైందో గానీ పెద్దగా నవ్వాడు. బీవీ సర్పంచ్ అయిందటగా, మబ్రూక్, మబ్రూక్ అని అరబ్బీలో అభినందనలు చెప్పాడు.

"షుక్రియా సాబ్" అని ఫోను పెట్టేసి, ఆయన రాస్ అల్ ఖైమా బస్సు కోసం మెట్లు దిగాడు.