కొండ మీది చెవి

పోయిన వారం చంద్రగిరి అవతలి కొండ దగ్గర ఒక గైడు యాత్రికులకు చెబుతున్నాడు. కొండకు చెక్కిన ఆ జాతీయ నాయకుడి ఎడమ చెవి తమ్మె చీలి ఉండటానికి తెల్లదొర లాఠీ కారణమట. పక్కనే ఉండి విన్నాను. ఆ చెవి మా నాయనది. చిన్నప్పుడు మేక కొమ్ముకు చెవిపోగు తగులుకుని తమ్మె తెగింది.

కొండ పనిలో తల భాగం మా చిన్నాయనకు అప్పగించారు. నాయకుడి ఫొటోలన్నిటిలోనూ తలపాగా చెవుల మీదికి దిగి ఉంటుంది. విగ్రహం కమిటీవాళ్లేమో, నుదురు కనబడాలి, తలపాగా వద్దన్నారు. నమూనా బొమ్మలో చెవి ఉండాల్సిన చోట ఖాళీ వదిలారు. ‘చెవి మీ ఇష్టం’ అన్నాడట ఇంజనీరు. ఎదురుగా చూడనిదే చిన్నాయన ఉలి ఎత్తడు. అందుకని, బస్సు కండక్టరుగా రిటైరై ఊరికే ఉన్న మా నాయనను తీసుకుపోయి, ఇరవై రోజులు గొడుగు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాడు.

‘‘కదలొద్దన్నా.’’

‘‘ఈగరా.’’

‘‘ఈగ కదిలితే పర్వాలేదు. నువ్వు కదలొద్దు.’’

చెవిని దారంతో కొలిచి, లెక్కగట్టి పెంచి, రాతి మీద సుద్దతో గీసేవాడు. చీలికనూ కొలిచాడు. చూసింది చెక్కడమే ఆయనకు తెలుసు.

చెవి పూర్తయ్యాక కమిటీ తనిఖీకి వచ్చింది. వెంట నాయకుడి మనవడు, పెద్దాయన. బైనాక్యులర్స్‌లో చూసి ఇంజనీరు, ‘‘తమ్మె చీలిపోయుండాదే. ఎవురి చెవప్పా ఇది?’’ అన్నాడు. కొట్టేసి లోపలికి ఇంకొకటి చెక్కమన్నారు. ‘‘లోపల బీట ఉండాది సార్. కొడితే చెంపంతా ఊడొస్తాది’’ అన్నాడు చిన్నాయన. అయితే వేరే శిల్పిని చూసుకుంటామన్నారు. మా నాయన మెల్లిగా తువ్వాలు తీసి చెవులకు చుట్టుకున్నాడు. అంతలో మనవడు పైకి చూసి, కళ్లు తుడుచుకుని, ‘‘మా తాత చెవే. అచ్చం అదే’’ అన్నాడు. కమిటీ అదే రాసుకుని పోయింది. తాత పోయాక పదేళ్లకు ఆ మనవడు పుట్టాడని మాకు భోజనాల దగ్గర తెలిసింది.

ఆ తర్వాత ఇంట్లో అమ్మకు ఒక మాట దొరికింది. ‘‘కొండంత చెవి పెట్టుకోని ఉప్పు తెమ్మంటే ఇనపడదే ఈ మనిషికి’’ అనేది. నాయన నవ్వి, ఉప్పు మరచిపోయి వచ్చేవాడు.

ఆయన పోయి ఏడాది. ఆ రాయి వెంట్రుకవాసి అరగాలన్నా తరాలు పడతాయంటాడు చిన్నాయన. నాయన గొంతు ఎట్లా ఉండేదో నాకు అప్పుడే సరిగ్గా గుర్తుకు రావడం లేదు.